దాహమన్నవాడికి నీళ్ళు

మంచి సినిమా చూస్తే మనసు తేలికవుతుందని అందరూ అంటారు. నాకు అట్లా కాదు. బాగా లేని సినిమా అయితే హాయిగా కూర్చుని, పల్లీలు తింటూ, అయిపోయేదాకా చూస్తాను. తెర మీద ఒక మనిషి ఇంకో మనిషి కోసం తన ప్రాణం మీదికి తెచ్చుకునే ఘట్టం వచ్చిందంటే మాత్రం నా కాళ్ళు నిలవవు. కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటాను. ఏడుపు రాదు. ఏదో పని సగంలో వదిలేసి వచ్చినట్టు, ఎక్కడో ఎవరో నన్ను పిలుస్తున్నట్టు ఉంటుంది. లేచి బయటికి పోతాను. బయట ఎవరూ పిలుస్తూ ఉండరు. మళ్ళీ లోపలికి రాబుద్ధి కాదు.

మా నాన్న దీనికి పూర్తిగా ఎదురు. నా చిన్నప్పుడు కల్లూరులో మాకు కొంచెం మెట్ట పొలం ఉండేది. మిరప వేసేవాళ్ళం. క్రిస్మస్ ముందు చర్చి ఆవరణలో తెల్లగుడ్డ కట్టి ప్రభువు జీవితం మీద సినిమా వేసేవారు. రీలు తిరిగే మిషన్ చప్పుడు సినిమాలోని మాటల కంటే గట్టిగా వినపడేది. నాన్న ముందు వరసలో చాప మీద కూర్చుని, సిలువ మోసే ఘట్టం మొదలైన దగ్గర నుంచి కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక మాట్లాడేవాడు కాదు. అన్నం ఆలస్యమైనా అమ్మను ఒక్క మాట అనేవాడు కాదు.

"సినిమా అంటే అట్లుండాలె బిడ్డా, మనిషి నోరు మూయించాలె" అనేవాడు నాతో.

ఆ నిశ్శబ్దం రెండు మూడు రోజులు ఉండేది. తర్వాత ఎరువుల దుకాణం నుంచో, కరెంటు మోటారు దగ్గర నుంచో చిరాకుగా వచ్చి మళ్ళీ మామూలుగా కేకలు వేసేవాడు. నాన్న చెడ్డవాడు కాదు. ఎండలో పని చేసి వచ్చే మనిషి. కానీ ఆ కన్నీళ్ళు ఎటు పోయాయా అని ఆ వయసులోనే నాకు ఆలోచన ఉండేది. మిరపకళ్ళంలో కాయలు ఏరుతూ అమ్మను అడిగాను ఒకసారి. "పని చూడవే" అన్నది అమ్మ.

ఇప్పుడు నేను మణుగూరులో స్టాఫ్ నర్సును. మా ఆయన గనిలో ఉద్యోగి కాబట్టి క్వార్టర్‌లో ఉంటాం. మధ్యాహ్నం బొగ్గు గని వైపు బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు వణుకుతాయి, షెల్ఫులో గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. మేము మాట మధ్యలో ఆగి, అది పోయాక మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడతాం.

మా చర్చిలో స్త్రీల కూటం వాళ్ళు నెలకోసారి ఒక సినిమా చూపిస్తారు. గోడకు పెద్ద టీవీ ఉంది. కుష్ఠు రోగుల మధ్య కాపురం పెట్టిన డాక్టర్ కథ, కొడుకును చంపినవాణ్ణి జైలుకు వెళ్ళి చూసి వచ్చే తల్లి కథ, ఇట్లాంటివి. అందరూ కొంగులు తడుపుకుంటారు. నేను ఫ్యాన్ స్విచ్చుల దగ్గర నిలబడతాను. "కూసో సిస్టర్, మేం చూసుకుంటంలే" అని ఎవరో ఒకరు అంటారు. ఫ్యాన్ సంగతి కాదని వాళ్ళకు చెప్పలేను. సినిమా అయ్యాక ప్రార్థన, ఆ తర్వాత టీ, మిర్చి బజ్జీ. "ఎంత దీవెనగా ఉంది!" అంటారు. వాళ్ళ మొహాలు నిజంగానే కడిగినట్టు ఉంటాయి. అసూయగా ఉంటుంది నాకు. ఆ తల్లి జైలు గేటు దగ్గర ఎండలో నిలబడ్డది నా కళ్ళ ముందు నుంచి పోదు. ఆమె ఇంటికి ఎట్లా వెళ్ళింది, బస్సు దొరికిందా, ఆ సాయంత్రం ఏం వండుకుంది, సినిమా చెప్పదు. మనం ఏడ్చిన చోట సినిమా ఆగిపోతుంది. ఆమెకు మాత్రం రేపు ఉంటుంది కదా అనిపిస్తుంది.

ఇదంతా నేను మా బావతో ఒకసారి అన్నాను. బావ అంటే మా అక్క మొగుడు. గనిలో డంపర్ నడుపుతాడు, చర్చిలో సంఘ పెద్ద. పెద్ద గొంతు, పెద్ద మనసు. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు ఆయన బండే ఆగుతుంది. నా మాటలు విని నవ్వాడు.

"నీకు కూసోవుడు రాదు, గంతే. దానికి గింత ఫిలాసఫీ ఎందుకమ్మా?"

బావ ఒక చిన్న ప్రొజెక్టరు కొన్నాడు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలో అడవి పల్లెలకు తీసుకుపోయి సినిమా వేస్తాడు. ఊరి పెద్దను ముందే కలిసి అడుగుతాడు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేస్తాడు. పోయినేడు నన్ను కూడా రమ్మన్నాడు.

"నువ్వెట్లయినా నిలబడేదానివే. స్పీకర్ కాడ నిలబడు. మందుల డబ్బా కూడ పట్టుకో, ఎవరికన్న ఏమన్న అయితే పనికొస్తది."

సరే అన్నాను. నా నిలకడలేనితనానికి మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది.

మేం వెళ్ళింది వాగు దాటాక వచ్చే చిన్న కోయ గూడెం. అప్పుడు ఇప్పపువ్వు రాలే రోజులు. ఊరంతా ఆ తీపి మత్తు వాసనే. ఇళ్ళ ముందు చాపల మీద, గోనెపట్టాల మీద పువ్వు ఎండబెట్టి ఉంది. చీకటి పడగానే బడి ముందు రెండు వెదురు బొంగులు పాతి, తెల్ల దుప్పటి బిగించాం. పిల్లలు ముందు, ఆడవాళ్ళు వాళ్ళ వెనక, మగవాళ్ళు అంచుల్లో బీడీలు కాల్చుకుంటూ. వాళ్ళు తమలో తాము వాళ్ళ భాషలో మాట్లాడుకుంటున్నారు. సినిమా తెలుగులో ఉంది. అర్థమైనవాళ్ళు అర్థం కానివాళ్ళకు చెబుతున్నారు. ఆ గుసగుసలు తెర దాకా అలల్లాగా పోయి వస్తున్నాయి.

ప్రభువు నీళ్ళ మీద నడిచినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. చేపలు వలలో పడ్డప్పుడు మగవాళ్ళు బీడీలు పక్కన పెట్టి ముందుకు వంగారు. వల ఎట్లా లాగుతున్నారో చూసి ఎవరో తప్పు పట్టాడు, అందరూ నవ్వారు. కొరడా దెబ్బలు మొదలయ్యాక నవ్వులు ఆగాయి. నా కాళ్ళలో ఆ తెలిసిన గుంజుడు మొదలైంది. స్పీకర్ వైరు సరిచేసినట్టు చేస్తూ అటూ ఇటూ నడిచాను.

సిలువ మీద ఉన్న మనిషి తనకు దాహం అవుతోందన్నాడు. ఆ గొంతు ఇచ్చిన వాళ్ళెవరో గానీ ఎండిపోయిన నాలుక చప్పుడు కూడా వినిపించారు.

అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి ఒక అవ్వ లేచింది. సన్నగా, నిటారుగా ఉంది. తెల్ల జుట్టు ముడి వేసుకుని ఉంది. చేతిలో నీళ్ళు తెచ్చుకున్న సొరకాయ బుర్ర. ఎవరో కొంగు పట్టి లాగారు, విదిలించుకుంది. పిల్లలను తప్పించుకుంటూ నడిచి దుప్పటి ముందు నిలబడి, బుర్ర పైకెత్తి పట్టుకుంది.

పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్ళే ఆగిపోయారు.

ప్రొజెక్టరు వెలుగు ఆమె మీద పడుతోంది. సినిమా ఆమె వీపు మీద, జుట్టు మీద నడుస్తోంది. ఎత్తిన చెయ్యి నీడ సిలువ మీద మనిషి మోకాళ్ళ దాకా వెళ్ళింది. నేను ప్రొజెక్టరు ఆపబోతే బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపకు. నడవనీ" అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి.

తెర మీద ఆకాశం నల్లబడింది. తల వాలిపోయింది. అవ్వ ఇంకా కొంచెంసేపు అట్లాగే నిలబడి, చెయ్యి దించి, బుర్రలో నీళ్ళు దుప్పటి కింద మట్టిలో మెల్లగా పోసింది. వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. వాళ్ళ దేవతల ముందు నేల మీద నీళ్ళు సాక పోస్తారు కదా, అట్లాగే పోసిందని పక్కన మగవాళ్ళు అనుకున్నారు. బావ మరోలా అనుకున్నాడు. నేను ఏమీ అనుకోలేకపోయాను. సినిమా అయ్యాక సామాను సర్దేటప్పుడు ఆ తడి మట్టి మీద కాలు పడకుండా దుప్పటి విప్పానని మాత్రం గుర్తుంది.

తర్వాతి ఆదివారం బావ చర్చిలో సాక్ష్యం చెప్పాడు. ఆయన చెబితే ఎవరైనా వింటారు. అవ్వ లేచిన తీరు, బుర్ర ఎత్తిన తీరు అన్నీ కళ్ళకు కట్టించాడు. చివర్లో, "ఆ నీళ్ళు పోస్తూ ఆ తల్లి ఏమన్నదో తెలుసా? నువ్వే నా దేవుడివి అన్నది" అన్నాడు. చర్చి అంతా ఏడ్చింది. మా అక్క వెక్కివెక్కి ఏడ్చింది.

నేను బయటికి వచ్చి చెప్పుల మధ్య నిలబడ్డాను. స్పీకర్ దగ్గర ఉన్నది నేను. అవ్వ నోరు విప్పలేదు.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో భోజనాల దగ్గర అడిగాను.

"బావా, ఆమె ఆ మాట అనలేదు కదా."

బావ ముద్ద కలపడం ఆపాడు. "అనలే. కానీ మనసుల అనుకోలేదని నువ్వు చెప్పగలవా?"

"అనుకున్నదని మీరు చెప్పగలరా?"

"ఏందమ్మా నువ్వు! ఎంతమంది కదిలిపోయిండ్రో చూసినవు కదా. దాంట్ల తప్పేముంది?"

"తినేటప్పుడు ఏందే ఇది" అని అక్క నా కంచంలో పప్పు వేసింది. మాట అక్కడ ఆగింది. నాలో ఆగలేదు. వార్డులో సెలైన్ సూది గుచ్చుతున్నా, ఇంట్లో బియ్యం కడుగుతున్నా, ఆ ఎత్తిన చెయ్యే కనిపించేది. బావ ఆ చేతికి ఒక అర్థం అతికించి అందరికీ పంచేశాడు. అందరూ తీసుకుని ఇళ్ళకు పోయారు. నా దగ్గర చెయ్యి ఒక్కటే మిగిలింది. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. మా ఆయన విసిగిపోయి, "పోయి అడిగిరా. లేకపోతే నువ్వు పండవు, నన్ను పండనియ్యవు" అన్నాడు.

వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే బస్సెక్కాను. క్రాస్ రోడ్డు దగ్గర దిగి ఆటో, వాగు దగ్గర ఆటో దిగి నడక. వెళుతున్నంతసేపూ వెనక్కి పోదామా అనే ఉంది. ఏమని అడగాలి? నువ్వు ఎందుకు లేచావు అని ఒక మనిషిని ఎట్లా అడుగుతాం? నన్ను ఎవరైనా అట్లా ఇంటికొచ్చి అడిగితే నేను తలుపు వేసుకుంటాను.

అవ్వ ఇంటి ముందు కూర్చుని, ఎండుతున్న ఇప్పపువ్వులోంచి ఆకులు, పుల్లలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"సిన్మా దానివి కదా. కూసో."

కూర్చోకుండా నేను కూడా వంగి పుల్లలు ఏరడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే చెట్ల కిందికి పోయి ఏరుకొచ్చిందట. నడుం నొప్పి ఉందా అని అడిగాను. లేకుండా ఎట్లుంటది అంది. నేను దవాఖానాలో నర్సునని చెప్పాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం పువ్వు మీద ఆగింది.

"నర్సమ్మవా" అంది.

"అవ్. అవ్వా, ఒక మాట అడగనా? ఆనాడు సినిమాలో ఎందుకు లేచినవ్?"

ఆమె నా వైపు చూడలేదు. "బొమ్మ అని నాకు తెల్వదనుకున్నవా?"

"లేదవ్వా, అట్లా కాదు."

"మా పోరగాళ్ళు గట్లనే నవ్విన్రు. దుప్పటి గుడ్డకు నీళ్ళు తాపుతున్నదని. నాకు కండ్లు లేవా? అది బొమ్మనే. కానీ దాహమన్నడు కదా. నా చేతిల నీళ్ళున్నయి."

అంతే అనుకున్నాను. అంతే అయినా చాలు. కానీ ఆమె ఆగలేదు. పువ్వును అరచేత్తో పరుస్తూ, నాతో కాకుండా ఆ చాపతో చెబుతున్నట్టు చెప్పింది.

"మా ముసలాయనకు కడుపు ఉబ్బింది. పేగుకు తూటు పడ్డదన్నరు. పెద్ద దవాఖానాకు తీస్కపోయినం. కోసిన్రు. నీళ్ళు నీళ్ళు అన్నడు. నర్సమ్మ వచ్చి, ఒక్క చుక్క పోసినా సచ్చిపోతడు, పొయ్యకు అన్నది. నేను పొయ్యలే. మంచం కింద సీసా ఉంది. మూత గూడ తియ్యలే. నా దిక్కే చూసేటోడు. చెయ్యి పట్టుకొని గుంజేటోడు. నేను మొకం తిప్పుకున్న." ఆమె గొంతు మారలేదు. "పొయ్యకపోయినా సచ్చిపోయిండు."

అది మా దవాఖానా కాదు. ఆ నర్సు నేను కాదు. అది వేరే ఊళ్ళోది. కానీ ఆ మాట నాది. ఆపరేషన్ అయిన ప్రతి మనిషి భార్యకూ, తల్లికీ నేను చెప్పే మాట అదే, అదే గొంతుతో, ఇంకో మంచం వైపు నడుస్తూ చెప్పే మాట. చెప్పక తప్పదు. చెప్పాక వాళ్ళు ఆ మంచం పక్కన ఏం చేస్తారో నేను చూడను. చూసే తీరిక ఉండదు.

"అవ్వా, పేగు కోసినప్పుడు నీళ్ళు పోస్తే నిజంగనే ప్రమాదం. ఆమె అబద్ధం చెప్పలేదు. నువ్వు పొయ్యకపోవుడు తప్పు కాదు" అన్నాను.

"అవునా."

"అవ్."

"మంచిది. నువ్వు చెప్పినవ్ కదా" అంది. ఆ మాటలో ఊరట లేదు, కోపమూ లేదు. దూరం నుంచి వచ్చిన మనిషిని నొప్పించకూడదని అన్నట్టు ఉంది.

కొంతసేపు ఇద్దరం ఏరాం. తర్వాత ఆమే అడిగింది.

"తర్వాత ఇచ్చిన్రా?"

"ఏంది?"

"నీళ్ళు. ఆయనకు. నేను అడ్డం నిలబడ్డ కదా, నాకు కానరాలే."

నిజం చెప్పాను. "నీళ్ళు కాదు. పులిసిన ద్రాక్షరసం బట్టకు ముంచి, కట్టెకు గుచ్చి, నోటికి పెట్టిన్రు."

అవ్వ ఏరడం మానేసి నన్ను చూసింది. మొదటిసారి ఆమె మొహంలో కోపం చూశాను.

"పులుపా? సచ్చేటోనికి పులుపు పెట్టిన్రా?"

"అవ్."

"థూ" అని పక్కకు ఉమ్మింది. "ఎంత పాడు మనుషులు!"

చిన్నప్పటి నుంచి ఎన్ని సార్లు విన్న కథ అది. ఎన్ని ప్రసంగాలు, ఎన్ని సినిమాలు. ఆ పులుపును గురించి ఎవరూ అంత కోపం తెచ్చుకోగా నేను చూడలేదు. మేం ఎప్పుడూ అది ఎందుకు జరిగిందో చెప్పుకుంటాం. ఆమెకు అది ఆ పొద్దే, ఎవరో తెలిసిన మనిషికి జరిగినట్టు ఉంది.

వెళ్ళేముందు బావ సంగతి చెప్పాను. నువ్వే నా దేవుడివి అన్నావని మా బావ అందరికీ చెప్పాడన్నాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా దేవుళ్ళు మాకున్నరు. నేనెందుకంట? నీళ్ళు మిగిలినయి, పారబోసిన. ఆయన తాగకపాయె. ఆయన కోసమని తెచ్చిన నీళ్ళు మళ్ళ నేనెట్ల తాగుత?" అని, దోసెడు ఎండిన పువ్వు నా సంచిలో పోసింది. "మీ బావకు చెప్పు, ఈసారి వస్తే నవ్వేటి సిన్మా తెమ్మను. పోరగాళ్ళు అడుగుతున్నరు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన సీటు దొరికింది. ఒడిలో సంచి లోంచి ఇప్పపువ్వు వాసన వస్తోంది. దిగేదాకా ఒకటే ఆలోచన. ఆమెకు ఊరట దొరకలేదు. నేను మోసుకెళ్ళిన వైద్యపు నిజం దేనికీ పనికిరాలేదు. సినిమా చూసినప్పుడు మాత్రం, ఆ ఒక్క నిమిషం, ఆమె లేవగలిగింది. మూత తియ్యలేకపోయిన చెయ్యి ఎత్తగలిగింది. ఒక సినిమా మనిషికి ఇంతకంటే ఏం ఇవ్వగలదు? ఇది ఇవ్వడమా, పాత గాయాన్ని మళ్ళీ గీరడమా? రెండూ నిజమే అనిపించింది. రెండు ఆలోచనల మధ్య బస్సు గతుకుల్లో ఊగినట్టు ఊగాను.

బావకు అంతా చెప్పాను. షిఫ్టు నుంచి వచ్చి, మొహం మీద బొగ్గు ధూళి ఇంకా కడుక్కోకుండా, గడప మీద కూర్చుని విన్నాడు. పులుపు దగ్గర ఆమె ఉమ్మిన సంగతి చెబితే తల వంచుకున్నాడు.

"గంత బాధ పెట్టుకొని కూసున్నదా ఆమె" అన్నాడు చివరికి. "నేను ఏడ్చి, కండ్లు తుడుసుకొని, బండెక్కి వచ్చిన. ఒక్క మాట అడగకపోతిని."

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో మధ్యాహ్నం ఆరాధన ఉంటుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. దాహం మాట ఐదోది, అది ఏటా బావదే. ఆ ముందు రోజు ఫోన్ చేశాడు.

"ఐదో మాట నువ్వు చెప్పు."

"నేనా? నాకు ప్రసంగం రాదు బావా."

"రాకపోతేనే మంచిది. నేను చెప్తే మళ్ళ ఏడిపిస్త."

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. నేను మైకు ముందు నిలబడి, అవ్వ చెప్పింది చెప్పాను. ఆమె ఆ మాట అనలేదని ముందే చెప్పాను. బావ తల వంచుకోలేదు, అందరికీ కనపడేట్టు కూర్చుని తల ఊపాడు. మంచం కింద సీసా గురించి చెప్పాను. రోజూ నేను అనే మాట ఏమిటో చెప్పాను. నీతి ఏదీ చెప్పలేకపోయాను, నాకే తెలియదు కాబట్టి. ఎట్లా ముగించాలో తెలియక, "అంతే" అని దిగాను.

ఎవరూ ఏడవలేదు. చర్చిలో ఏదో ఇబ్బంది పరుచుకుంది. కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరసలో ఒక పెద్దాయన గడియారం చూసుకున్నాడు. ఆరో మాట చెప్పే ఆయన గొంతు సవరించుకుని పాట ఎత్తుకునే సరికి అందరికీ ప్రాణం లేచి వచ్చినట్టయింది. నాకు సిగ్గేసింది. చక్కగా ఏడ్చే జనాన్ని ఏడవకుండా చేశానా అనిపించింది.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాటల బృందంలో ఉండే ఒకామె నా చెయ్యి పట్టుకుంది. గనిలో పని చేసిన భర్త పోయి చాలా ఏళ్ళయింది ఆమెకు. ఎప్పుడూ నవ్వుతూ, గట్టిగా పాడే మనిషి.

"మా ఆయనకు గూడ ఇయ్యలేదు సిస్టర్. నేను గూడ ఇయ్యలే" అంది. చెయ్యి చాలాసేపు వదలలేదు. వెనక జనం దిగడానికి చూస్తున్నారు. మేమిద్దరం పక్కకు జరిగి, వేడెక్కిన గోడకు ఆనుకుని నిలబడ్డాం.

ఈస్టర్ తర్వాత బావ ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ప్రభువు సినిమా కాదు, నవ్వుల సినిమా. సంఘంలో కొందరు గొణిగారు, దానికా ప్రొజెక్టరు అని. నాకు డ్యూటీ ఉండి వెళ్ళలేదు. అవ్వ వచ్చిందా అని అడిగితే, వచ్చింది, మధ్యలోనే పండుకోను పోయింది, పొద్దున పువ్వు ఏరాలె కదా అన్నాడు. తను ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఆమె అనని మాట అన్నట్టు చర్చిలో చెప్పానని ఒప్పుకున్నాడట. ఆమెకు ఏమీ పట్టలేదట. నీ డంపర్ ఎంత బొగ్గు మోస్తదని అడిగిందట.

దవాఖానాలో నేను ఇప్పుడు చేసేది చాలా చిన్న పని. నీళ్ళు పొయ్యొద్దని చెప్పే మాట మారదు, మారకూడదు. కానీ చెప్పాక, కట్లకు వాడే పల్చటి గాజుగుడ్డ తడిపి పిండి వాళ్ళ చేతికిస్తాను. పెదవులు తడపమంటాను. ఇది మాకు చదువులో నేర్పిందే, కొత్తదేమీ కాదు. పని ఒత్తిడిలో చేతి నుంచి జారిపోయిన పని. మొన్న ఒక ముసలాయనకు ఆపరేషన్ అయింది. చండ్రుగొండ వైపు నుంచి వచ్చారు. భార్యకు గాజుగుడ్డ ఇచ్చి చూపించాను. ఆమె భయం భయంగా పెదవులకు అద్దింది. ఆయన దాన్ని పెదవులతో పట్టుకోబోయాడు.

"సిస్టర్, పీల్చుకుంటుండు! ఏమన్న అయితదా?"

"గంత తడికి ఏం కాదమ్మా. గట్లనే అద్దు."

"నువ్వు ఈడనే ఉంటవా?"

పక్క వార్డులో ఇంజెక్షన్లు ఉన్నాయి. ఉంటానన్నాను. ఆమె గాజుగుడ్డ మళ్ళీ తడుపుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఒక చేత్తో అద్దుతూ, ఇంకో చేత్తో ఆయన నుదుటి మీద జుట్టు సర్దింది. మధ్యాహ్నపు బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు వణికాయి. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. గని చప్పుడని చెప్పాను. పక్క మంచం వాళ్ళు సెలైన్ అయిపోయిందని పిలిచేదాకా అక్కడే ఉన్నాను, తర్వాత వెళ్ళాను.